ఏడు చుట్ల రంపం

రెజిమెంటల్ బజార్ వెనక, రైలు పట్టాల గోడను ఆనుకుని ఒక సందు ఉంది. పగలు మామూలు సందే — ప్లైవుడ్ దింపే ట్రాలీ ఆటోలు, ఇస్త్రీ బండి, గోడ నీడన పడుకున్న కుక్కలు. రాత్రి ఎనిమిది దాటిందంటే మాత్రం అందులో అడుగు పెట్టేవాడు ఉండడు. చుట్టు తిరిగి పోతారు. పది నిమిషాలు ఎక్కువైనా సరే, కాళ్లు పీకినా సరే.

సందు చివర భద్రయ్య కోత షెడ్డు ఉంది. షెడ్డులో భద్రయ్య రంపం మిషను ఉంది. భద్రయ్య మాత్రం లేడు.

ఐదేళ్ల కిందట ఒక సాయంత్రం, ఆఖరి పలక కోస్తూ కోస్తూ, ఆయన ఛాతీ పట్టుకుని రంపప్పొట్టులో కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. భార్య కమలాబాయి పరుగెత్తుకొచ్చేసరికి రంపం ఒక్కటే తిరుగుతోంది, ముందు కోయడానికి ఏమీ లేకుండా. ఆమే స్విచ్చి ఆపింది. షెడ్డుకు తాళం వేసింది. నెల తిరక్కుండా కరెంటు కూడా తీయించేసింది.

ఆ నెలలోనే మొదలైంది... చప్పుడు.

తాళం వేసిన షెడ్డులో, కరెంటు లేని షెడ్డులో — టిక్... టిక్... టిక్‌టిక్... ఆ వెనకే సన్నగా, సాగదీసినట్టుగా, జుంయ్‌...మని ఒక మూలుగు. రంపం ఆడేటప్పుడు వచ్చే చప్పుడే, కాకపోతే ఎక్కడో దూరాన ఆడుతున్నట్టు. కాసేపు ఉంటుంది. ఆగుతుంది. గంటకో రెండు గంటలకో మళ్లీ వస్తుంది.

ఇస్త్రీ బండి హేమచంద్ర తలుపు సందులోంచి చూశానంటాడు. పై చక్రం దానంతటదే కదిలిందట. చక్రం మీద ఒక చెయ్యి ఉందట. ఎవరి చెయ్యయ్యా అంటే, "భద్రన్నదే. చేతికున్న కడెం గుర్తువట్టిన" అంటాడు. ఆ పూట నువ్వు ఎన్ని పెగ్గులు వేసుకున్నావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే కథ చెడిపోతుంది కదా!

అలాంటి షెడ్డుకు ఆర్థర్ పని ఒప్పుకున్నాడు.

ఆయనేమీ గుండె ధైర్యం ఉన్న మనిషి కాదు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మౌలాలిలో పట్టాల పక్కనే సొంత ఇల్లు. ఏప్రిల్‌లో ఆయన భార్య కాంతమణి చనిపోయింది. చర్చిలో అందరూ ఏడ్చారు. ఆయనతో మాటల్లేని వాళ్లు కూడా ఏడ్చారు. ఆర్థర్ ఏడవలేదు. గుప్పెడు మట్టి వేశాడు, ఇంటికొచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, పడుకున్నాడు. అంతే. పన్ను పీకే ముందు చిగుళ్లకు సూది మందు ఇస్తారే, ఆ మందు మనిషి మొత్తానికి ఇచ్చినట్టు అయిపోయాడు. ఎనిమిది నెలలుగా అలాగే ఉన్నాడు.

అందులోనూ సాయంత్రాలు మరీ అన్యాయం. ముప్పై మూడేళ్ల కాపురంలో కాంతమణి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఆయనేమో పెరట్లో ఎప్పుడూ ఏదో ఒకటి సానబెడుతూ కూర్చునేవాడు. వంట కాగానే ఆమె స్టీలు కంచం మీద చెక్క తెడ్డుతో మూడు దెబ్బలు కొట్టేది. టిక్, టిక్, టిక్. "ఆఁ... వస్తున్న" అనేవాడు ఆయన. అదీ వాళ్ల పిలుపు, పలుకు. ఇప్పుడాయన గిన్నెలోంచే, పొయ్యి దగ్గర నిలబడే తింటున్నాడు. కంచం దించనే లేదు.

అందుకని ఎవరైనా సాయంత్రం పూట పని ఉందంటే చాలు, సరే అంటాడు. ఈ పని సామ్యూల్ పట్టుకొచ్చాడు. సామ్యూల్ రైల్వేలోనే పట్టాల మీద పనిచేస్తాడు, ఆర్థర్ వెళ్లే చర్చికే వెళతాడు. డిసెంబరు మొదటి వారంలో భద్రయ్య కూతురు సృజనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లకు పాతికేళ్లుంటాయి. ఎక్కడో ఇంటీరియర్ కంపెనీలో ఉద్యోగం మానేసి, నాన్న షెడ్డు మళ్లీ తెరిచి కుర్చీలు, బల్లలు చేయిస్తానని పట్టుబట్టి కూర్చుంది.

"ముగ్గురు కార్పెంటర్లొచ్చిండ్రు అంకుల్. ముగ్గురూ రెండో రోజు రాలే. ఒకాయన టూల్ బాక్స్ సుత ఇడిచిపెట్టి ఉరికిండు."

"చప్పుడుకేనా?"

"చప్పుడుకే. సోమవారం అల్వాల్ నుంచి ఇంకో ఇద్దరొస్తున్నరు. గీళ్లు గూడ పోయిండ్రంటే ఇగ నాతోని గాదు. షెడ్డు గోదాముకు అడుగుతున్నరు, ఇచ్చేస్త. మిషన్ పాత ఇనుముకు పోతది." పిల్ల సంచీలోంచి షెడ్డు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "సోమవారం లోపల ఆ చప్పుడు ఆగాలె అంకుల్. మా డాడీ చేతి మిషన్ అది."

"మిషన్ల ఏదన్న వదులైతే బిగిస్త," అన్నాడు ఆర్థర్. "ఇంకేదన్న అయితే నాకు రాదు."

బుధవారం సాయంత్రం ఏడింటికి సంచీ భుజాన వేసుకుని సందులోకి వచ్చాడు. బజార్లో ఇళ్లకు క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి. సందులో ఒక్క దీపం లేదు. హేమచంద్ర బొగ్గుల పెట్టె ఆర్పుతూ, ఆయన్ని ఎగాదిగా చూసి, "సారూ... తిరిగొచ్చేటప్పుడు ఎనకకు చూడకు" అన్నాడు.

షెడ్డుకూ కమలాబాయి ఇంటికీ మధ్య ఒక్క గోడే. ఆ గోడలో చిన్న తలుపు ఉంది. ఆమె ఆ తలుపు దగ్గరే నిలబడింది, గడప దాటలేదు. సన్నటి మనిషి, తెల్లబడ్డ జుట్టు.

"ఏమన్న చేసుకో సారూ. ఆ పైనున్న పిడి మాత్రం ముట్టకు. ఆయన ఎట్ల ఇడిచిపెట్టిండో అట్లనే ఉండాలె."

పై చక్రానికి ఒక చేతిపిడి ఉంది. అది తిప్పితే రంపం బ్లేడు బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులవుతుంది. ఆర్థర్ సరేనన్నాడు. ఆమె తలుపు వేసుకుంది.

మిషను మనిషి కంటే ఎత్తు. ఎప్పటిదో కంటోన్మెంటు కార్ఖానా మూతపడితే భద్రయ్య సెకండ్ హ్యాండులో కొన్నదట. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటినీ చుట్టి పళ్లున్న ఉక్కు పట్టీ. ఆ పట్టీ అటూ ఇటూ ఊగకుండా బల్లకు పైన ఒక జత, కింద ఒక జత చెక్క ముక్కలు రెండు పక్కలా పట్టి ఉంచుతాయి. వాటినే గైడ్లు అంటారు. భద్రయ్య వాటిని జిట్రేగి కర్రతో సొంతంగా చెక్కుకున్నాడు. నల్లగా, ఇనుము లాంటి కర్ర. దాన్ని ఆముదంలో నానబెట్టి వాడేవాడు.

ఆర్థర్ ముందుగా ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. సృజన మొన్ననే కరెంటు మళ్లీ పెట్టించింది మరి, జాగ్రత్త మంచిది. తర్వాత బ్యాటరీ దీపం వెలిగించి కింద కూర్చున్నాడు. ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లకు స్పర్శ లేదు. ఏళ్ల తరబడి గ్రైండరు పట్టుకుంటే వచ్చిన రోగం. మిగతా వేళ్లతోనే కింది గైడు తడుముతున్నాడు.

టిక్...

చెయ్యి ఆగింది.

టిక్... టిక్‌టిక్...

సరిగ్గా తల పైన. దీపం ఎత్తి చూశాడు. పై గైడు ముక్కలు వణుకుతున్నాయి. ఎవరో చిటికెన వేలితో తాకుతున్నట్టు... సన్నగా, ఆగి ఆగి. ఆ వెంటనే బ్లేడు మొత్తం మూలిగింది. జుంయ్‌...

ఫ్యూజు జేబులోనే ఉంది.

ఆర్థర్ కదల్లేదు. ఇప్పుడు భయం వేయాలి, అనుకున్నాడు. కాసేపు ఎదురు చూశాడు కూడా. రాలేదు. అద్దెకున్న వాడు చెప్పకుండా ఖాళీ చేసినట్టు, భయం ఉండాల్సిన చోట ఏమీ లేదు. దానికి మాత్రం ఆయనకు కొంచెం సిగ్గేసింది.

అప్పుడు గోడ అవతల నుంచి వినబడింది. గుసగుస. ఆడగొంతు.

"వచ్చినవా..."

ఆ మాట ఆయనతో అన్నది కాదు. చప్పుడు ఆగింది. గోడ అవతల మంచం కిర్రుమంది. ఎవరో అటు తిరిగి పడుకున్నారు.

గురువారం ఆర్థర్ వచ్చీ రాగానే ఒక పని చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొనను మిషను దిమ్మెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఇంజన్ల బేరింగులు అరిగాయో లేదో వర్క్‌షాపులో అలాగే వినేవాళ్లు. వేళ్లు మొద్దుబారినా చెవులు బాగానే ఉన్నాయి.

కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... ఎక్కడో అడుగున, నేల లోపల, దడ్‌దడ్... దడ్‌దడ్... ఆ చప్పుడు ఆయన ఎన్ని వేల సార్లు విన్నాడో! గూడ్సు బండి. పట్టాల అతుకుల మీద చక్రాలు పడుతున్నాయి. అది దగ్గరైంది, నేల సన్నగా అదిరింది, దిమ్మె అదిరింది... పైన గైడు ముక్కలు టిక్‌టిక్‌మన్నాయి. బిగుసుకుని ఉన్న బ్లేడు తీగలా మూలిగింది.

అంతే సంగతి. ఐదేళ్ల దెయ్యం గూడ్సు బండిలో వచ్చి, గూడ్సు బండిలో పోతోంది.

సృజనను పిలిచి చూపించాడు.

"గూడ్సు బరువుకు నేల అదిరితే ఇది మోగుతది. బండ్ల చప్పుడు ఇక్కడోళ్లకు అలవాటే, ఎవలూ పట్టించుకోరు. పగలు సుత మోగుతది బిడ్డా. బజారు లొల్లిల ఎవరికినవడ్తది? ఇగో, ఈ జిట్రేగి ముక్కలు నూనె లేక ఎండి సన్నవడ్డయి. సందు పెద్దగైంది, ఆడుతున్నయి."

"మరి డాడీ ఉన్నప్పుడు ఎందుకు మోగలే?"

ఆర్థర్ దీపం పక్కకు జరిపాడు. దిమ్మె మీద పసుపు రంగు పెయింటుతో, వంకర టింకర అక్షరాలతో రాసి ఉంది: *పని బంద్ అయినంక 7 చుట్లు వదలాలె.*

"పని అయిపోయినంక బ్లేడు వదులు చెయ్యాలె. లేకపోతే చక్రాల మీది రబ్బరు అణిగిపోతది, బ్లేడుకు చీలికలొస్తయి. మీ డాడీ రోజూ వదిలేటోడు. ఆఖరి రోజు... వదల్లే. మీ అమ్మ ఎవల్ని ముట్టనియ్యలే. ఐదేండ్లసంది బిగిసే ఉన్నది."

సృజన ఆ అక్షరాల మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు. "అమ్మ ఈ గోడకు తల పెట్టే పండుకుంటది అంకుల్," అంది నెమ్మదిగా. "చప్పుడు రాంది నిద్రపోదు. దీనికి ఏం చెయ్యాలె నేను?"

ఆర్థర్ దగ్గర దానికి పనిముట్టు లేదు. గైడ్ల కొలతలు రాసుకుని ఇంటికి పోయాడు.

ఆ రాత్రీ మర్నాడూ పెరట్లో కూర్చుని ఇనప ముక్కలు కోసి, బెజ్జాలు వేసి, కొత్త గైడ్లు తయారు చేశాడు. ఈసారి చెక్క లేదు, బేరింగులు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దవి — పైన మూడు, కింద మూడు. రెండు పక్కలా రెండు, వెనక ఒకటి. బ్లేడుతో పాటే తిరుగుతాయి కాబట్టి అరుగుదల తక్కువ, టిక్కుటిక్కుమనడం ఉండదు. పని మధ్యలో సామ్యూల్ ఫోను చేశాడు.

"అన్నా, క్రిస్మస్ కారల్స్ పాటలకు రావా ఈసారి సుత?"

"చూద్దాం తియ్యి."

"ఆదివారం నేను గూడ రాను. బ్లాకు ఉన్నది మాకు. ఎనిమిది నుంచి తెల్లారి నాలుగు దాంక మౌలాలి దిక్కు ఒక్క బండి సుత కదలదు. మీ ఇంటెనకనే పని. జెర చాయ్ పొయ్యాలె మరి."

ఆదివారం బళ్లు ఉండవంటే పరీక్ష శనివారమే చెయ్యాలి. శుక్రవారం సాయంత్రం ఆర్థర్ గోడలోని చిన్న తలుపు తట్టాడు.

"అమ్మా... ఆ పిడి తిప్పకుంటే పని కాదు."

"ముట్టద్దన్న గద సారూ."

"బ్లేడు ఊడదియ్యాలె. ఎంటిక మందం చీలికలున్నయి. రేపు ఆ పిల్ల నిలవడి కోస్తుంటే తెగితే మొఖం మీదికే వస్తది."

కమలాబాయి తలుపు సందులోంచి పిడి వైపు చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది.

"చప్పుడేందో తెలిసిందా నీకు?"

"తెలిసింది."

"నాకు సుత ఎరుకనే."

ఆర్థర్ తలెత్తాడు.

"పట్టాల పక్కన పుట్టిన, పట్టాల పక్కన కాపురం చేసిన. బండి వచ్చినప్పుడే మోగుతదని నాకు తెల్వదా? మొదటి నెలలనే తెలిసింది." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అంది. "తెలిస్తే ఏమాయె? గది ఇనవడ్తెనే కన్ను మూతవడ్తది. వచ్చినవా అంట. పండుకుంట. గింతే నా సంబురం."

ఆర్థర్ చేతిలోని నూనె డబ్బా కింద పెట్టాడు. ఎవరితోనూ అనని మాట అన్నాడు. "మా ఇంటామె పోయి ఎనిమిది నెలలాయె. నాకు ఏ చప్పుడూ ఇనవడలే. ఏడుపు సుత రాలే."

"ఒక్కపారి గూడ?"

"ఒక్కపారి గూడ."

కమలాబాయి ఆయన ముఖంలోకి చూసింది. జాలిపడిందని ఆయనకు తెలిసింది. అయినా లోపల ఎక్కడా తగల్లేదు.

"ఆ రాత మీ ఆయనదేనా?" అని దిమ్మె చూపించాడు.

"ఆయనదే. మరిచిపోత అని రాసుకుండు. ఒక్కనాడు మరవలే. పొద్దుగూకినంక ఏడు చుట్లు... నోటితోని లెక్కవెట్టుకుంట. ఏడోది అయితెనే చేతులు కడుక్కునేటోడు. అందాక అన్నానికి పిలిచినా కదిలేటోడు కాదు."

ఆర్థర్ ఆ పసుపు అక్షరాలనే చూస్తూ నిలబడ్డాడు. నోటికొచ్చింది వచ్చినట్టే అన్నాడు. ఆమెను నొప్పించాలని కాదు, ఆయనకు తెలిసిన లోకం అదొక్కటే. "మా రైల్వేల ఒకటి ఉంటదమ్మా. రిలీవర్ వచ్చి చార్జి తీసుకునేదాంక డ్యూటీ మీదున్నోడు దిగొద్దు. ఎంత రాత్రయినా, వానొచ్చినా. మీ ఆయన ఆనాడు ఏడు చుట్లు తిప్పలే. ఐదేండ్లాయె... ఆయనకు రిలీఫ్ రాలే."

కమలాబాయి చేతిలోని కొంగు జారిపోయింది.

"గంతసేపు..." అంది. "గంతసేపు నిలవెట్టిన్నా నేను?"

ఆమె గడప దాటింది. ఐదేళ్ల తర్వాత మొదటిసారి. పాత రంపప్పొట్టు కాళ్ల కింద మెత్తగా అణిగింది. ఆర్థర్ పిడి మొదట్లో నూనె చుక్కలు వేసి, తిప్పబోయాడు.

"నువ్వు జరుగు సారూ."

రెండు చేతులతో పట్టుకుంది. తుప్పు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. పిడి కీచుమంటూ కదిలింది.

"ఒకటి," అంది గుసగుసగా.

బ్లేడు మూలిగింది.

"రెండు... మూడు..."

ఒక్కో చుట్టుకూ ఆ మూలుగు దిగుతూ పోయింది. ఐదో చుట్టుకు చప్పుడే లేదు. ఆరో చుట్టుకు ఆమె చెంపలు తడిసిపోయాయి. ఏడో చుట్టు తిప్పి, పిడి మీదే చేతులుంచి, ఎవరూ లేని వైపు తిరిగి అంది.

"ఇగ చేతులు కడుక్కో. పా."

సరిగ్గా అప్పుడే పట్టాల గోడ అవతల నుంచి గూడ్సు బండి పోయింది. నేల అదిరింది, కిటికీ అద్దం అదిరింది. వదులైన బ్లేడు వదులుగా వేలాడుతూ ఊరుకుంది. కమలాబాయి బండి పూర్తిగా పోయేదాకా చెవి ఒగ్గి నిలబడి, తర్వాత లోపలికి వెళ్లిపోయింది. గొంతులో ఏమైనా అడ్డం పడిందేమోనని ఆర్థర్ తనను తాను వెతుక్కున్నాడు. పడలేదు.

శనివారం పొద్దున్నుంచీ పని. పాత బ్లేడు తీశాడు, చక్రాలు తుడిచాడు, కొత్త బ్లేడు ఎక్కించాడు. బేరింగులు బ్లేడుకు ఎంత దగ్గరగా ఉండాలన్నది అసలు విద్య. మరీ ఆనితే బ్లేడు కాలుతుంది, దూరమైతే వంకర పోతుంది. ఆయన పద్ధతి ఆయనది. మౌలాలి నుంచి వచ్చిన బస్సు టికెట్టు బ్లేడుకూ బేరింగుకూ మధ్య పెట్టి, బేరింగు దగ్గరికి నెట్టి, బోల్టు బిగించి, టికెట్టు లాగేస్తాడు. ఆ టికెట్టు మందమే సందు. వేళ్లకు స్పర్శ లేనివాడికి అంతకంటే నమ్మకమైన కొలత లేదు.

రాత్రి స్విచ్చి వేశారు. రంపం గాలిలా తిరిగింది. సృజన ఒక టేకు ముక్క కోసింది, గీత మీద గీతలా వచ్చింది. ఆ పిల్ల నవ్వుతూ ఏడ్చింది. తర్వాత అన్నీ ఆపి, ఏడు చుట్లు వదిలి, ముగ్గురూ చీకట్లో కూర్చున్నారు. తొమ్మిదిలోపల రెండు గూడ్సు బళ్లు పోయాయి.

ఏమీ లేదు. ఒక్క టిక్కు కూడా.

"ఎంత నిమ్మలంగున్నది," అంది కమలాబాయి. కాసేపాగి పాత జిట్రేగి ముక్కలు నాలుగూ ఒక గుడ్డలో చుట్టి ఆర్థర్ చేతికిచ్చింది. "గివి నువ్వు తీస్కపో సారూ. నా దగ్గరుంటే ఏ రాత్రో లేచి మళ్ల ఆడనే పెడ్త."

సోమవారం సంగతి ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అల్వాల్ నుంచి ఇద్దరూ వచ్చారు. రెండో రోజూ వచ్చారు, మూడో రోజూ వచ్చారు. షెడ్డు నిలిచింది. హేమచంద్ర మాత్రం, దెయ్యం క్రిస్మస్ సెలవులకు పోయిందని అంటాడు.

మిగిలింది ఆదివారం రాత్రి.

ఆర్థర్ చర్చి నుంచి వచ్చి సంచీ దులిపితే గుడ్డ మూట బయటపడింది. ఆ ముక్కలు లోపల ఎండిపోయినా పైన పాత ఆముదం జిడ్డు ఇంకా ఉంది. బల్ల పాడవుతుందని, వంటింట్లో గూటి మీదున్న కాంతమణి స్టీలు కంచం దించి అందులో వేశాడు. వేసి మరిచిపోయాడు. పెరట్లోకి పోయి ఉలి సానబెడుతూ కూర్చున్నాడు. ఎనిమిదిన్నర దాటింది. చలిగా ఉంది.

టిక్. టిక్. టిక్.

"ఆఁ... వస్తున్న," అన్నాడు.

ఉలి కింద పెట్టాడు, చేతులు దులుపుకున్నాడు, నడిచాడు. వంటింటి గడప మీద కాలు పెట్టాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. వంటింట్లో ఎవరూ లేరు. బల్ల మీద కంచం. కంచంలో నాలుగు నల్లటి ముక్కలు.

అప్పుడు తగిలింది. ఎనిమిది నెలలు ఎక్కడ ఆగిందో, అక్కడి నుంచి ఒక్కసారిగా వచ్చి తగిలింది. గడప పట్టుకుని కూలబడిపోయాడు. చిన్నపిల్లాడిలా, ఎక్కిళ్లు పెట్టి, ముక్కు కారుతూ ఏడ్చాడు. కాంతమణీ అని పిలిచి పిలిచి ఏడ్చాడు. ఆమె లేదు, ఇక రాదు, ఆ ఒక్క సంగతి ఎనిమిది నెలల తర్వాత ఆయనకు తెలిసింది.

చాలాసేపటికి కాస్త తేరుకున్నాడు. ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది! పట్టాల పక్క ఇల్లు, స్టీలు కంచం, ఎండిన కర్ర ముక్కలు. బండి వచ్చి ఉంటుంది, నేల అదిరి ఉంటుంది, అంతే. షెడ్డులో దెయ్యాన్ని తనే కదా పట్టుకున్నది. అలా అనుకుంటే కొంచెం ఊపిరాడింది. కళ్లు తుడుచుకుని పెరటి గోడ దగ్గరికి పోయాడు. అవతల పట్టాల పక్కన నలుగురు మనుషులు చేతి లాంతర్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అందులో ఒకడు లేచి వచ్చాడు. సామ్యూల్.

"ఏందన్నా, చాయ్ తెచ్చినవనుకున్న."

"ఇప్పుడు పోయిన బండి ఏదిరా? గూడ్సా?"

"బండెక్కడిదన్నా?" సామ్యూల్ నవ్వాడు. "బ్లాకు గద. చెప్పిన గద నీకు. ఎనిమిదింటిసంది ఒక్క చక్రం కదల్లే. మా పట్టాల మిషన్ సుత ఇంక రాలే, ఉత్తగనే కూసున్నం."

పట్టాలు రెండు వైపులా నల్లగా, నిశ్శబ్దంగా పడి ఉన్నాయి. దూరంగా సిగ్నలు ఎర్రగా వెలుగుతోంది. ఆర్థర్ గోడ మీద చేతులు పెట్టి అలాగే నిలబడ్డాడు. గోడలో కూడా ఏ కదలికా లేదు.

వెనక, దీపం వెయ్యని వంటింట్లోంచి...

టిక్. టిక్. టిక్.

సామ్యూల్ నవ్వు ఆగిపోయింది. లాంతరు పైకెత్తాడు. "అన్నా... ఇంట్ల ఎవరున్నరు? ఏందా చప్పుడు?"

ఆర్థర్ చొక్కా చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"అన్నానికి పిలుస్తున్నది," అని చెప్పి, లోపలికి పోయాడు.